బతికున్న మేనమామకు కీ.శే.

మనవరాలి పెళ్ళికి వెయ్యి శుభలేఖల కవర్ల మీద విలాసాలు నేనొక్కడినే రాసి పోస్టులో వేశాను. కాదులెండి, నూట యాభై.

మూడో రోజు చిత్తూరు నుంచి కోడలి అన్న మునిరత్నం ఫోన్ చేశాడు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సిన మేనమామ అతనే.

"మామా, మా నాయన బతికొచ్చినాడా?" అన్నాడు.

"అదేం మాటప్పా?"

"కవరు మీద ఆయనకు శ్రీ పెట్టినారు. నాకు కీర్తిశేషులని రాసినారు. సచ్చినోడు గంపెట్లా మోస్తాడు? నేను రాను."

'కీ.శే. చెంగల్రాయులు గారి కుమారుడు శ్రీ మునిరత్నం గారికి' అని రాయాల్సింది తారుమారైంది. సంగతి విని కోడలు ఏడుపు మొదలుపెట్టింది.

మర్నాడే తిరుపతిలో బస్సెక్కి వెళ్ళి, అతని ఎదుటే కొత్త కవరు మీద 'చిరంజీవి మునిరత్నం' అని రాసి ఇచ్చాను. యాభై ఐదేళ్ళ మనిషి మీసం కింద నవ్వు దాచుకుంటూ, "ఇంత సిన్నపిల్లోణ్ణి సేస్తే గంప లేపలేను మామా. ఇంకొకర్ని తోడియ్యండి" అన్నాడు.

పెళ్ళికి వచ్చాడు, ఒక్కడే మోశాడు.

కళ్ళద్దాలు పగిలి పొరబాటు జరిగిందని ఆరోజు అతనికి చెప్పాను. అది అబద్ధం. టీవీలో క్రికెట్ చూస్తూ రాశాను. ఇప్పుడు ఎవరి పేరు రాయాలన్నా ముందు టీవీ కట్టేస్తున్నాను.