ఒక్కపొద్దున్న కుందేలు

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాడికీ లోకం తన కోసమే ఎదురుచూస్తోందన్న నమ్మకం ఉండేది. నాకు ఇంకాస్త ఎక్కువే ఉండేది. పాతబస్తీ జహనుమాలో బర్రెల కొట్టం ఉన్న ఇంటి నుంచి తెల్లకోటు తొడుక్కుని బయటికొచ్చిన మొదటివాణ్ణి నేనే మరి. (ఇంటికొచ్చాక కూడా విప్పేవాణ్ణి కాదు. "పాలు పిండేటప్పుడన్న తియ్యిరా, బర్రె బెదురుతుంది" అనేవాడు మా బాపు.)

ఉద్యోగం పాతబస్తీలోనే ఒక చిన్న ప్రయోగశాలలో, అదీ టెంపరరీ. మా పెద్దాయనను చాటుగా సైలెన్స్ సార్ అనేవాళ్ళం. ఆ మాట అనకుండా ఆయన ఏ మాటా మొదలుపెట్టడు. రక్తపోటును అదుపులో ఉంచే ఒక ఎంజైము మీద ఆయన పని. దాన్ని కొద్దికొద్దిగా కుందేలుకు ఎక్కిస్తే, ఇదేదో పరాయిదని దాని ఒళ్ళు కనిపెట్టి, ఆ ఎంజైమును పట్టుకునే యాంటీబాడీని రక్తంలో తయారు చేసుకుంటుంది. ఆ రక్తం నుంచి తీసిన తేటను సీరం అంటారు. గాజుపలక మీద జెల్లీలాంటిది పరిచి, ఒక గుంటలో సీరం, పక్క గుంటలో ఎంజైము పోస్తే, రెండూ పాకి కలిసినచోట సన్నటి తెల్లగీత పడాలి. గీత పడితే యాంటీబాడీ ఉన్నట్టు. అది చూడ్డానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి వస్తున్నాడు. "సైలెన్స్. గీత కనపడ్డదా, నీ పోస్టు పర్మినెంట్ చేయమని రాస్తా. లేకుంటే మీ ఇంట్ల బర్రెలు ఉండనే ఉన్నయి" అన్నాడు సార్.

ఆ అధికారి కోసం ప్రయోగశాల గోడలకు సున్నం వేయడం మొదలైంది. ఆ ఘాటుకు కుందేలు ఉక్కిరిబిక్కిరవుతుంటే దాన్ని మా ఇంటికి తెచ్చాను. రక్తం తీసే ముందు దానికి నీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదని ఇంటిల్లిపాదికీ ఉపన్యాసం ఇచ్చాను. అందరూ తలలూపారు. మా నాయనమ్మ మాత్రం ఊపలేదట, నేను గమనించలేదు.

ముందుగా పరీక్ష కోసం కాస్త రక్తం తీశాం. సీరం లేత పసుపు రంగులో తేటగా రావాలి. గొట్టంలో తేరింది చూస్తే తెల్లగా, చిక్కగా ఉంది. సార్ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, జీవితంలో మొదటిసారి సైలెన్స్ అనడం మరిచిపోయాడు.

"ఇదేంది, పాలా?"

అటెండరు చాచా తొంగి చూసి, "దూద్‌వాలోం కే ఘర్ గయా సాబ్, దూద్ నై దేగా తో క్యా దేగా" అన్నాడు. (పాలవాళ్ళింటికి పోయింది, పాలు కాక ఇంకేమిస్తుందని.) తిండిలోని కొవ్వు పట్టిన సీరంతో పలక మీద మబ్బు తప్ప గీత కనపడదు. సార్ నాకు ఇంకొక్క అవకాశం ఇచ్చాడు, శనివారం దాకా.

కుందేలును ఎత్తుకుని ఇంటికి పరిగెత్తి, దీనికి ఎవరేం పెట్టారని అందరినీ నిలదీశాను. నాయనమ్మ ఏమాత్రం తడబడలేదు.

"పెట్టిన. రొట్టెల మీగడ, నెయ్యి కలిపి రోజు పెట్టిన. నోరులేని జీవిని పస్తుంచుతరార? నాకు బీపీ అని ఉప్పు బందు వెట్టిన్రు, ఊకున్న. దానికి తిండే బందు వెడ్తే ఊకుంటనా?"

"నా నౌకరి పోతది నాయనమ్మా."

"పోతే పోనియ్యి. ఉసురు వోసుకునే నౌకరి ఏం నౌకరి?"

సైన్సు ఆమె ముందు చెల్లదని అర్థమైంది. అప్పుడు నా నోట ఒక అబద్ధం దానంతటదే వచ్చింది. "పస్తు కాదే. అది ఒక్కపొద్దు ఉంటది."

కుందేలుకు పెట్టబోతున్న రొట్టె నాయనమ్మ చేతిలోనే ఆగింది. "ఏ దేవునికి?"

"శనివారం గద, వెంకటేశ్వరస్వామికే. అప్పటిదాక నెయ్యి, మీగడ ముట్టొద్దు, గడ్డే తినాలె. శనివారం పొద్దుమూకే దాక అదిగూడ లేదు."

అంతే. ఆ క్షణం నుంచి కుందేలుకు నాయనమ్మను మించిన కాపలా లేదు. పక్కింటి పిల్లలు ముల్లంగి ఆకు తెస్తే, "ఎంగిలి చెయ్యకున్రి, నేమం మీదున్నది" అని తరిమింది. ఎదుటివాళ్ళ ఒక్కపొద్దు చెడగొట్టే మనిషి కాదామె. శనివారం పొద్దున దాని నుదుట కుంకుమ కూడా పెట్టింది.

రక్తం సాయంత్రం తీద్దామని సార్‌ను ముందే ఒప్పించాను. (కారణం అడిగితే ఏదో శాస్త్రీయంగా గొణిగాను.) బొట్టుతో వచ్చిన కుందేలును చూసి ఆయన నోరు తెరిచేలోపే చాచాకు చెవిలో సంగతి చెప్పాను. "రోజా హై సాబ్" అన్నాడు చాచా గంభీరంగా, ఉపవాసంలో ఉందని. ఆపైన నా దగ్గరికి వంగి, "ఇఫ్తార్ కబ్ హై?" అని ఉపవాసం విడిచే వేళ అడిగి, రక్తం తీయగానే జేబులోంచి కొత్తిమీర కట్ట తీసి తనే దాని ముందు పెట్టాడు.

సీరం తేటగా వచ్చింది. సోమవారానికి గీత పడింది. అధికారి కళ్ళజోడు సర్దుకుని చూసి, గుడ్ అని, టీ తాగి వెళ్ళిపోయాడు. సార్ నా పోస్టు కోసం అక్కడే రాసిచ్చాడు.

మిగిలిన పలక ఒకటి రుమాలులో చుట్టి ఇంటికి తెచ్చాను. నాయనమ్మ దాన్ని ఎండకు పట్టి, కళ్ళు చికిలించి చాలాసేపు వెతికింది.

"ఏది?"

"అగో, ఎంటికంత సన్నగ, తెల్లగ."

"గింతేనా?"

"గింతేనే. గిదే నా నౌకరి."

ఆమె పలకను కిందపెట్టి నా మొహం చూసింది. "పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

తినలేదు. గీత పడుతుందో పడదోనన్న బెంగలో ఆ సంగతే మరిచిపోయాను. ఆమె ఇంకేం అడగకుండా పళ్ళెం తెచ్చింది. ఆ తర్వాత ఎన్నో గీతలు చూపించాను, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. పలక పక్కన పెట్టి నా మొహం చూసినవాళ్ళు మళ్ళీ దొరకలేదు. కొట్టం అరుగు మీద కూర్చుని ఆబగా అన్నం తింటున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి మీద కొంచెం అసూయ కూడా.