పెద్దమ్మ నమ్మిన రోజు

పెద్దమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేస్తే, "డాక్టరు చూశాడా? సరిగ్గా చూశాడా?" అని అడిగాను. ఏడుపు తర్వాత వచ్చింది. అనుమానం నాకు ఆమె దగ్గరే అబ్బింది.

మా నాన్నకు వదిన ఆమె. జిన్నారం దగ్గర మా ఉమ్మడి ఇంట్లో ఆమె ఎవరినీ నమ్మేది కాదు. పాలు వాసన చూసేది. బోరు నీళ్లు నాలుక మీద వేసుకుని ఉమ్మేది. "కంపెనీలొచ్చినంక నీళ్లను గూడ నమ్మొద్దు" అనేది.

తొంభైలలో ఇంటర్ చదివేటప్పుడు, లావయ్యానని బస్సులో ఎవరో నవ్వినందుకు తిండి మానేశాను. కొన్నాళ్లకు బహిష్టు ఆగిపోయింది. తెలిస్తే ఇంట్లో ఏమనుకుంటారో అని భయం. అందుకే నెలనెలా వసారా మూలన చాప వేసుకుని, బయట ఉన్నట్టు కూర్చునేదాన్ని. అక్కడ కంచం విడిగా పెడతారు, దగ్గరికి ఎవరూ రారు. ఆ అన్నం వీధి కుక్క తినేది.

"గా కుక్క గీ మూలకే ఎందుకొస్తుంది? దండెం మీద దీని ముట్టుబట్టలేవి?" అని పెద్దమ్మ అమ్మను నిలదీసింది. ఇంట్లో అందరూ బట్టల మాటే పట్టుకున్నారు, కుక్క సంగతి ఎవరికీ పట్టలేదు. "వాడెవడు?" అని నాన్న మీదికొచ్చాడు. కాలేజీ బంద్ అన్నాడు. ఎంత ఏడ్చినా నా మాట ఎవరూ వినలేదు.

పెద్దమ్మ నన్నూ నమ్మలేదు, వాళ్లనూ నమ్మలేదు. "కడుపైతే పెరగాలె గదా, గిది ఎండుతుంది" అంటూ సంగారెడ్డిలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలో కడుపు కాదని తేలింది.

"తిండి లేక ఒంట్లో హార్మోన్లు పడిపోయినయి. అందుకే నెల ఆగింది, జుట్టు రాలుతుంది. ఇట్లనే ఉంటే బొక్కలు గుల్లయితయి" అంది డాక్టరమ్మ.

"గోలీ ఇయ్యవా మరి?" పెద్దమ్మ ఆమెనూ అనుమానంగానే చూసింది.

"ముందు తిననియ్యమ్మా."

అప్పటినుంచి పూటపూటా నా ఎదురుగా కూర్చునేది. నోరు తెరిపించి మింగానో లేదో చూసేది. ఆమె కనబడితే చాలు, ఒళ్లు మండిపోయేది. ఇవాళ నేను బతికి ఉన్నానంటే ఆ చూపు వల్లే.

చాలా నెలలకు, నిజంగానే బయట చేరానని చెప్తే, "మల్ల నాటకమా?" అంది. నేను వెళ్లి చాప పరుచుకున్నాను. మైల తగిలితే తలస్నానం చేసే మనిషి, అందరూ చూస్తుండగానే వచ్చి ఆ చాప మీద కూర్చుంది. నా కంచంలోంచే ఒక ముద్ద తిని, కంచం నా వైపు జరిపింది.

"ఇగ నువ్వు తిను. నేను సూస్తలేను" అని, ముఖం వాకిలి వైపు తిప్పుకుంది.