ఎడమచేతి వెండెల్, శనివారం రాహుకాలం

ముందుగా ప్రమాణం. కింద రాసిన ప్రతి మాటా నిజం. కళ్లతో చూసింది, చెవులతో విన్నది తప్ప ఒక్క అక్షరం కూడా కలపలేదు. కలిపానని తేలితే ఇకమీదట నా కబుర్లు వినడానికి మా ఇంట్లోవాళ్లు కూడా కూర్చోనక్కర్లేదు. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

రెండువేల రెండు జూన్‌లో నన్ను పంజాగుట్ట చౌరస్తా దగ్గర, చీరల దుకాణం పైన మూడో అంతస్తులో ఉన్న ఒక బ్యాక్ ఆఫీసుకి ఆపరేషన్స్ మేనేజర్‌గా వేశారు. అంతకుముందు నేను ఆసుపత్రి బిల్లుల ప్రాసెస్ చూసేవాణ్ణి. ఇక్కడ క్లయింటు అమెరికాలోని ఒక బేస్‌బాల్ క్లబ్బు. ఆ ఆట గురించి నాకు తెలిసింది ఒక్కటే, బ్యాటు గుండ్రంగా ఉంటుందని. అమీర్‌పేటలో అప్పట్లో గోడ కనిపిస్తే చాలు జావా, ఒరాకిల్ అని కాగితాలు అంటించేవారు. ఏ గోడ మీదా బేస్‌బాల్ కోర్సు కనిపించలేదు, కనిపిస్తే చేరేవాణ్ణే.

మా పని ఆటతో కాదు, ఆటగాళ్లతో. అక్కడ శరత్కాలంలో ఆటలు ముగుస్తాయి. మైదానం ఖాళీ అవగానే క్లబ్బు ఆఫీసులో రద్దీ మొదలవుతుంది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలేయాలి, ఎవరిని ఇంకో క్లబ్బుకి ఇచ్చి బదులుగా ఎవరిని తెచ్చుకోవాలి అన్నది చలికాలమంతా నడుస్తుంది. దీన్ని ఆఫ్‌సీజన్ అంటారు. నిర్ణయాలు అక్కడ డేవ్ అనే అధికారి తీసుకునేవాడు. వాటిని లీగ్ సిస్టమ్‌లో ఎక్కించి, సరిచూసి, పంపడం మా వంతు. ఒకరు ఎక్కించాలి, రెండోవారు సరిచూడాలి, మూడోవారు పంపాలి. పంపే పాస్‌వర్డు ప్రాసెస్ లీడ్‌కి మాత్రమే ఉంటుంది. మేనేజర్నైనా సరే, నాకు పంపే మీట నొక్కే హక్కు లేదు. ఆడిట్ వాళ్లు అలా కట్టుదిట్టం చేశారు.

వాళ్ల సాయంత్రం మన ఉదయం కాబట్టి మా షిఫ్టు పొద్దున్నే మొదలయ్యేది. చేరిన కొత్తలో నన్ను నిర్ఘాంతపరచింది ట్రేడ్ అనే పద్ధతి. రెండు క్లబ్బులు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకుంటాయి. చాలాసార్లు ఆ ఆటగాణ్ణి మాటవరసకైనా అడగరు. పొద్దున లేచేసరికి అతని ఊరు మారిపోయి ఉంటుంది. అంతకన్నా ఘోరం, ఒక్కోసారి ఒప్పందంలో ‘తర్వాత పేరు చెప్పబోయే ఆటగాడు’ అని రాసుకుంటారు. అంటే ఒక మనిషిని ఇస్తామని మాటిచ్చారు, ఎవరినో ఇంకా తేల్చుకోలేదు. ఇది మొదటిసారి చదివి మా సరిచూసే మల్లేశ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“పేరు సుత చెప్పకుండ మనిషిని ఇచ్చుడేంది అన్నా? పెండ్లి సంబంధంల సుత పిల్ల పేరు ముందుగాల చెప్తరు కదా!”

మల్లేశ్‌ది బోరబండ. డిగ్రీ అయి వచ్చినవాడు, నోటికి తాళం లేదు. పంపే లీడ్ కామేశ్వరరావు గారు. ఊరు కాకినాడ. బ్యాంకులో స్వచ్ఛంద విరమణ తీసుకుని, అమీర్‌పేటలో తన పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకుని మా దగ్గరికొచ్చారు. మధురానగర్‌లో అద్దె పోర్షను. పనిలో పొరపాటన్నది ఎరగరు.

ఆయన బలహీనత ఒక్కటే, వెండెల్.

వెండెల్ ఆ క్లబ్బులో ఎడమచేతి పిచర్. పిచర్ అంటే మన బౌలర్ వంటివాడే. ఆ యేడు మొదట్లోనే భుజం చిట్లి, శస్త్రచికిత్స జరిగి, కోలుకుని ఆటల చివర్లో మళ్లీ నిలబడ్డాడు. కామేశ్వరరావు గారు అతన్ని ఎన్నడూ టీవీలో కూడా చూడలేదు. రోజూ వచ్చే అంకెల్లోనే ఆయనకు మనిషి కనిపించేవాడు. క్యారేజీ విప్పుతూ, “మన వెండెల్ నిన్న బాగా వేశాడండీ” అనేవారు. మల్లేశ్ ఆటపట్టించేవాడు, “సార్, గాయనకు మీ పులిహోర పార్సిల్ చేద్దామా?” అని.

ఇక అసలు సంగతి. ప్రతి డిసెంబరులో ఒక గడువు ఉంటుంది. ఆ రాత్రి పన్నెండులోపు క్లబ్బు తన ఆటగాళ్లకి వచ్చే యేటి కాంట్రాక్టు ఇస్తామని లీగ్‌కి తెలియజేయాలి. ఎవరి పేరు అందదో వాళ్లు ఆ క్షణం నుంచి క్లబ్బు మనుషులు కారు. స్వేచ్ఛ అని పేరు, జరిగేది ఉద్యోగం ఊడటం. ఆ యేడు గడువు అక్కడి శుక్రవారం అర్ధరాత్రి పడింది. అంటే ఇక్కడ శనివారం ఉదయం పదిన్నర.

వెండెల్ పేరు ఉంచుకునేవాళ్లలో ఉంది. ఇంకో క్లబ్బుకి ఎడమచేతివాడు కావాలి, బదులుగా ఒక కుర్ర క్యాచర్‌ని ఇస్తామంటున్నారు. క్యాచర్ అంటే పిచర్ విసిరిన బంతిని వెనక కూర్చుని పట్టేవాడు. కానీ ముందు ఇక్కడ కాంట్రాక్టు ఉంటేనే అక్కడికి పంపడం కుదురుతుంది. ఈసారి పేరు జారితే, ఆ వయసులో, ఆ భుజంతో, మళ్లీ ఎవరూ పిలవరని డేవ్ నాతో స్పష్టంగా అన్నాడు.

బేరం తెగక డేవ్ చివరి పేర్లు పంపేసరికి మాకు తొమ్మిది దాటింది. ఎక్కించడం, సరిచూడడం చకచకా అయిపోయాయి. నేను అద్దాల గదిలో డేవ్‌తో ఫోన్‌లో ఉన్నాను. తల బయటికి పెట్టి పంపారా అని అడిగాను. కామేశ్వరరావు గారు, “ఆయ్, పంపేస్తున్నానండీ” అన్నారు. మన ఆఫీసుల్లో ఆ మాటకి పని పూర్తయిందన్న దగ్గర్నుంచి ఇంకా మొదలుపెట్టలేదన్న దాకా ఏ అర్థమైనా రావచ్చు. నేను నాకు అనుకూలమైన అర్థం తీసుకున్నాను.

పది దాటాక మల్లేశ్ తలుపు కొట్టకుండా లోపలికొచ్చాడు.

“అన్నా, జర బయటికి రా. పెద్దాయన వదిలేసెటోళ్ల పేర్లు పంపిండు. ఉంచుకునేటోళ్లవి పంపలే. గోడ మీది కాలెండర్ చూసుకుంట కూసున్నడు.”

నాకు అర్థం కాలేదు. ఫోను హోల్డ్‌లో పెట్టి వెళ్లాను. కామేశ్వరరావు గారు చేతులు ఒళ్లో పెట్టుకుని ప్రశాంతంగా ఉన్నారు. స్క్రీన్ మీద ఐదు పేర్లు, వాటి కింద మీట. ఇదేంటండీ అన్నాను.

ఆయన ఓపిగ్గా వివరించారు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. వదిలేయడం అశుభం, దానికి రాహుకాలం అడ్డు రాదు, అందుకని అవి వెంటనే పంపేశారు. కొత్త కాంట్రాక్టు శుభకార్యం.

“మీరు రాకముందు, పోయినేడు వెండెల్ కాగితం నేనే రాహుకాలంలో పంపానండీ. ఏమైంది? భుజం పోయింది. మళ్లీ నా చేత్తో ఆ కుర్రాడికి అన్యాయం చెయ్యనండీ.”

పదిన్నరకే గడువు అని గుర్తుచేశాను. ఆయన తొణకలేదు.

“పదిన్నర అంటే పదిన్నర దాకా ఉంటుంది కదండీ. సరిగ్గా అప్పుడే నొక్కేస్తాను. మా బ్యాంకులో టైమైపోయి గేటు వేసినా లోపలున్నవాళ్ల పని చేసే పంపేవాళ్లం. అమెరికావాళ్లు అంతకన్నా కాని మనుషులేంటండీ?”

మల్లేశ్ మధ్యలో దూరాడు. “సార్, ఆడ గిప్పుడు శుక్రవారం రాత్రి. ఆళ్ల రాహుకాలం పొద్దుగాలనే అయిపోయింది!”

“నొక్కే వేలు పంజాగుట్టలో ఉంది బాబూ.”

మేనేజర్‌గా ఆజ్ఞాపించాను. తర్వాత బతిమాలాను. మౌస్ అందుకోబోతే ఆయన కీబోర్డుతో సహా స్క్రీనుకి తాళం వేసేశారు. మల్లేశ్ కుర్చీ ఎక్కి గోడ గడియారం ముల్లు ముందుకి తిప్పేశాడు. “అగో, అయిపోయింది సార్, నొక్కండి!” అన్నాడు. కామేశ్వరరావు గారు జాలిగా చూసి, రేడియో వార్తలకి సరిచేసుకున్న తన చేతి గడియారం చూపించారు. నేను గదిలోకి పరుగెత్తి డేవ్‌కి చెప్పాను, మీరే నేరుగా పంపండి అని. ఆ హక్కు మీకు రాసిచ్చాక మా దగ్గర లేదు, లీగ్ ఆఫీసుని లేపాలి అన్నాడు. ఎందుకు ఆలస్యం అని అడిగాడు. చిన్న టెక్నికల్ సమస్య అన్నాను.

బయటికొచ్చేసరికి షిఫ్టంతా ఆయన కుర్చీ వెనక నిలబడి ఉంది. ఆయన తాళం తీసి, కళ్లు మూసుకుని ఏదో జపించి, గడియారం చూసి నొక్కారు.

ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. గడువు ముగిసినది.

కింద చీరల దుకాణంవాడు మైకులో తగ్గింపు ధరల గురించి అరుస్తున్నాడు. కామేశ్వరరావు గారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. తర్వాత నావైపు తిరిగి, “ఇంకోసారి నొక్కనా సార్? మనం లోపలే ఉన్నాం కదండీ” అన్నారు. ఆయన చెయ్యి ఇంకా మీట మీదే ఉంది.

డేవ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. రాహువు ఎవరో, శనివారం ఏమిటో, వేలు ఎక్కడుందో, అన్నీ. డేవ్ పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. సోమవారానికల్లా ఉంచుకోవాలనుకున్న ఐదుగురినీ క్లబ్బు తిరిగి పిలిచింది. వెండెల్‌కి ముందనుకున్న దానికన్నా మంచి కాంట్రాక్టే దక్కింది. క్యాచర్ బేరం మాత్రం తప్పిపోయింది. వెండెల్ ఆ ఊళ్లోనే ఇంకొన్నేళ్లు ఆడాడు. కామేశ్వరరావు గారు షిఫ్టందరికీ కాజాలు పంచారు. రాహువు వెండెల్‌ని ట్రేడ్ కాకుండా కాపాడాడని మల్లేశ్ తీర్మానించాడు.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. ఉంచుకోవడం, వదిలేయడం అనే రెండు పనులూ ఒకే మీటతో, ఒకేసారి వెళ్లాలి. విడగొడితే మనిషి తనకి తేలికైనదే ముందు పంపుతాడు. రెండోది, ఒకరికి బాధ్యత అప్పగించేముందు ఏ వేళలో మీ చెయ్యి ఆడదో అడిగి తెలుసుకోవాలి. నవ్వకుండా అడగాలి. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి ఆఫీసులో ఈ రెండూ అమలు చేశాను.

ఇక ఒప్పుకోలు. మొదట వేసిన ఒట్టుకి ఒక మినహాయింపు ఉంది. మీరంతా రాహుకాలం నా కల్పన అనుకుని ఉంటారు. కాదు, అది జరిగింది. గడియారం ముల్లు తిప్పడమూ జరిగింది. నేను కల్పించింది డేవ్ నవ్వు, దాని వెనకాల వచ్చిన సోమవారం, కాజాలు. ఇన్నేళ్లుగా విందుల్లో ఇలాగే చెప్తూ వచ్చాను. అక్కడే ఉన్న మల్లేశ్ కూడా ఇప్పుడు అలాగే జరిగిందంటున్నాడు.

డేవ్ నవ్వలేదు. ఇది మీ మతానికి సంబంధించిన విషయమా అని ఒక్కటే అడిగాడు. అవునన్నాను. సిస్టమ్ ఆలస్యం అని రాసుకున్నాడు, ఎవరి మీదా చర్య లేదు. మిగతా నలుగురిని క్లబ్బు వెనక్కి పిలిచింది. క్యాచర్ రాడని తేలాక వెండెల్‌ని పిలవలేదు. ఇంకే క్లబ్బూ పిలవలేదు. వసంతంలో ఆటలు మొదలయ్యేదాకా కామేశ్వరరావు గారు రోజూ పొద్దున్నే అన్ని క్లబ్బుల పేర్లూ వెతికేవారు. మొదలయ్యాక మానేశారు. పంపే పాస్‌వర్డు తనకి వద్దని రాసిచ్చి, మల్లేశ్ పక్కన సరిచూసే కుర్చీలోకి మారారు. ఆ గోడ మీది కాలెండరు మాత్రం అలాగే ఉంది. శనివారం ఉదయం ఏ పని ఇచ్చినా, ఆయన దానివైపు చూడకుండానే మొదలుపెట్టేవారు.