ఎక్కని రీలు

ఆ మంగళవారం పొద్దున పనికి వెళ్లేముందు అత్త కెమెరాలో కొత్త రీలు ఎక్కించింది. కిటికీ పక్క బల్ల మీద పాత గుడ్డ పరిచి, ఫిల్మ్ కొసను ఇరుసు సందులో దూర్చి, వెనక తలుపు మూసి, మీట లాగి రెండుసార్లు ఉత్తినే నొక్కింది. మీట లాగినప్పుడల్లా ఎడమ పక్కనున్న గుండీ కొంచెం తిరగాలి. తిరిగితే లోపల రీలు కదులుతున్నట్టు. అత్త ఆ గుండీనే చూస్తూ "తిరుగుతోంది" అని పైకే అంది.

"ఈసారైనా ఎక్కిందా అత్తా?" అన్నాను, ఎప్పట్లాగే.

"ఎక్కింది లేరా, నీ దుంప తెగ!" అని నవ్వి, కెమెరా అరలో పెట్టి వెళ్లింది. మధ్యాహ్నం షాపులో తన బల్ల ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది.

మా ఇంట్లో అత్తను 'ఖాళీ రీలు' అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది మా నాన్న, ఆమెకు సొంత అన్న.

అత్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు సరిపెట్టేది. వడ్లగింజంత మరమేకును చీకట్లో కూడా బిగించగల చేయి. ఫోన్లొచ్చాక జనం బీరువాల్లో పడేసిన కెమెరాలన్నీ ఒక్కొక్కటే ఆమె బల్ల మీదికి చేరాయి. "అమ్మా, మనం నడిపేది కళ్లజోళ్ల షాపా, కెమెరాల ఆసుపత్రా?" అని ఓనరు సణిగేవాడు. "ఈ పేషెంట్లు మీలా సణగరు సార్" అనేది, తలెత్తకుండా.

ఆమెకో నియమం ఉండేది. మనిషికి ఒక్క ఫోటోనే. "కళ్లు మూసుకున్నానత్తా, ఇంకోటి తియ్యి" అని బతిమాలితే, "మూసుకున్నావుగా, మూసుకునే ఉంటావు" అనేది. నేను ఫోన్లో నలభై తీసి చూపిస్తే ఓపిగ్గా నలభై చూసి, "ఇందులో ఫోటో ఏదిరా?" అని అడిగేది.

మేడ మీది స్నానాలగదే ఆమె డార్క్ రూమ్. ఆమె లోపలుంటే ఎవరూ తలుపు తియ్యకూడదు. ఒకసారి నాన్న బయట గంతులేస్తూ "తలుపు తియ్యవే, కొంప మునుగుతోంది!" అని అరిస్తే, "ఏడు నిమిషాలు ఆగి మునగమను అన్నయ్యా" అని లోపల్నించి జవాబొచ్చింది. కలిపిన మందులు నిలవుండవు కాబట్టి నాలుగు రీళ్లు పోగయ్యాకే కడిగేది.

నానమ్మ రీలు కూడా అందుకే ఆగింది.

నానమ్మ కెమెరా కనబడితే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి. నాకు తొమ్మిదేళ్లప్పుడు, తనకు పెద్ద జబ్బు చేసి కాస్త తేరుకున్న ఒకరోజు, ఏం తోచిందో, తల దువ్వించుకుని వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. "తియ్యవే. ఎన్నాళ్లని కాదంటాను" అంది. ఆ ఒక్కరోజు అత్త తన నియమాన్ని గట్టున పెట్టి రీలులోని ముప్పయ్యారు ఫోటోలూ తన తల్లినే తీసింది. నానమ్మ అలిసిపోతే చెయ్యి పట్టి పడుకోబెట్టడానికి తీసుకెళ్లింది. రీలు ఇంకా దాని డబ్బీలోకి వెనక్కి చుట్టలేదు. కెమెరా బల్ల మీదే ఉంది.

లోపల నానమ్మ ఎలా పడిందో చూద్దామని గుండీ పైకి లాగాను. వెనక తలుపు టక్కున తెరుచుకుంది. కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. భయమేసి మూయబోతే తలుపు పట్టదే! తంటాలు పడి మూసేసరికి చెమటలు పట్టాయి. అత్త తిరిగొచ్చేటప్పటికి బల్ల దగ్గరే బిగుసుకుని నిలబడి ఉన్నాను. "అన్నం తిన్నావురా?" అని అడిగింది, అంతే.

నాలుగో రీలు పూర్తి కాకముందే నానమ్మ పోయింది. తర్వాతి వారం అత్త రీళ్లన్నీ కడిగి, తడి చేతులతో కిందికి దిగింది. ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నాం.

"అమ్మ రీలు ఎక్కలేదన్నయ్యా. ఇరుసు ఖాళీగా తిరిగింది. నాదే తప్పు."

గుర్తింపు కార్డు మీది మసక బొమ్మ తప్ప మాకు నానమ్మ ఫోటో లేకుండా పోయింది. నాన్న ఆర్నెల్లు చెల్లెలితో మాట్లాడలేదు. మాటలు కలిశాక ఆ పేరు పెట్టాడు. గుండీ వంక చూస్తూ "తిరుగుతోంది" అని పైకి అనడం అత్త అప్పుడే మొదలుపెట్టింది.

నాకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. రీలే ఎక్కనప్పుడు నేను తలుపు తీస్తే ఏం, తియ్యకపోతే ఏం? ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ముప్పయ్యేళ్లు నవ్వాను.

పెద్దయ్యాక నాకూ ఆ పిచ్చి అంటుకుంది. అత్తే నేర్పింది. నా మొట్టమొదటి రీలు నిజంగానే ఎక్కలేదు. కడిగితే గాజులా తేటగా వచ్చింది. అత్త దాన్ని తీగకు వేలాడదీసి, "చూశావా, ఎక్కని రీలు ఇలా ఉంటుంది. అదే వెలుగు తగిలిందనుకో, కాకినలుపు" అంది.

"నానమ్మదీ ఇలాగే వచ్చిందా అత్తా?"

ఆమె క్లిప్పు సర్దుతూ, "ఆఁ, ఇలాగే" అంది.

పోయిన నెల అత్త అర సర్దాను. కడిగిన ప్రతి రీలూ సన్నటి కాగితపు తొడుగులో ఉంది, పైన పెన్సిల్‌తో పేర్లు. అడుగున ఉన్నదాని మీద "అమ్మ" అని ఉంది. లోపలి ఫిల్మ్ పట్టీని అంచులతో పట్టుకుని, అదే బల్ల దగ్గర, కిటికీకి ఎదురుగా ఎత్తి చూశాను.

మిట్టమధ్యాహ్నం. దానిలోంచి కిటికీ కనబడలేదు.