ఉదయగిరి మెషీన్‌లో రెండు ఆదివారాలు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదని మొన్న ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతుండగా అనిపించింది. మా పాత సంఘంలో పనిచేసిన ఒకాయన పక్క బెంచీ మీద కూర్చొని ఇంకొకాయనతో, "ఆ రోజుల్లో ఉదయగిరి ఆపరేటరు పిల్ల ఆదివారాలు ఆఫీసు తెరిచి లిస్టు తారుమారు చేసింది, తెలుసా?" అంటున్నాడు. ఆ అమ్మాయి ఆదివారం ఆఫీసు తెరవలేదు, లిస్టూ తారుమారు చేయలేదు. ఆ నిజం నలుగురికే తెలిసింది. అనుమానం మాత్రం రెండు ఊళ్ళలో తిరిగి, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కాబట్టి తెలిసినవాళ్ళలో ఒకడిగా రాస్తున్నాను.

1995లో నన్ను ఆత్మకూరులో ఒక రైతుల సంఘానికి సిస్టమ్స్ అసిస్టెంటుగా వేశారు. సంఘం పేరు రాయను. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అనే మాట మా ఆర్డర్లలోకి తర్వాతెప్పుడో వచ్చింది గానీ పని అదే. మెషీన్లు ఆగకుండా చూడాలి. ఎవరికి ఏ పాస్‌వర్డు, ఎంత అధికారం ఇవ్వాలో తేల్చాలి. రోజూ కాపీలు తీసి బీరువాలో పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఏం చేస్తున్నారో ఓ కన్నేసి ఉంచాలి. మిగతా ఉద్యోగాల్లో అనుమానం ఒక జబ్బు. మా ఉద్యోగంలో దానికే జీతం.

నా చదువు బీకాం. కంప్యూటరు నాకు ఎవరూ నేర్పలేదు. ఆత్మకూరు శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి, నెల్లూరు జిల్లా గ్రంథాలయంలో ఇంటికి ఇవ్వని పుస్తకాలు కొన్ని, ఇవే నా గురువులు. అక్కడే కూర్చొని చదివి, ముఖ్యమైనవి చేత్తో రాసుకొని వచ్చేవాణ్ణి. ఇంజనీరింగు చదివినవాళ్ళ ముందు ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఎన్నడూ సిగ్గు కలగలేదు.

సంఘానికి ఒక బోరు బండి ఉండేది. రైతుల పొలాల్లో వంతు ప్రకారం బోర్లు వెయ్యడం దాని పని. ఉదయగిరి, సీతారామపురం మండలాల దరఖాస్తులు ఉదయగిరి బ్రాంచిలో తీసుకొనేవాళ్ళు. కొన్ని ఊళ్ళకు ఒక విడత. ఒక విడత అయిపోతే కొత్త విడతకు దరఖాస్తులు తెరుస్తారు. ఎవరి దరఖాస్తు ముందు నమోదైతే వాళ్ళ పొలానికి బండి ముందు పోతుంది. మెట్ట ప్రాంతంలో ఎండలు ముదరక ముందు బండి రావడానికీ, తర్వాత రావడానికీ మధ్య ఒక తోట బతుకు ఉంటుంది.

ఆ బ్రాంచిలో మెషీను ఒకటే, మనుషులు ఇద్దరు. ఇన్‌చార్జి సుబ్బరాయుడు గారు పాతికేళ్ళు రిజిస్టర్లు రాసిన మనిషి. ఆపరేటరు సుజాత తాత్కాలిక ఉద్యోగి. ఆమెను పర్మనెంటు చేసే ఫైలు ఆత్మకూరులో మా డిప్యూటీ మేనేజరు విశ్వనాథం గారి బల్ల మీద ఉంది. ఆ సంతకం మీద ఆమె ఇల్లు గడవాలి. మంచాన పడిన తండ్రి, చదువుకుంటున్న తమ్ముడు, ఆమె జీతం తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు.

అప్పుడు సీతారామపురం నుంచి యోహాను అనే రైతు మా ఆఫీసుకు వచ్చాడు. నిమ్మ మొక్కలు పెట్టుకున్న మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మంగళారం పొద్దున మీ ఉదయగిరి ఆఫీసు తలుపు తియ్యకముందే నేను ఆడ ఉండా. నా ముందర ఒక్కడు లేడు. ఇప్పుడు లిస్టులో నా పైన ఇద్దురు ఉండారు. వాళ్ళ పేర్ల పక్కన ఆదివారం తేదీ ఉండాది. ఆదివారం మీ ఆఫీసు ఎవురు తెరిచినారు సార్?"

విశ్వనాథం గారు నా వైపు చూశారు. నేను లాగ్ తీశాను. లాగ్ అంటే ఎవరి పేరుతో మెషీన్‌లోకి వచ్చారు, ఎప్పుడు ఏం చేశారు అన్నది మెషీను తనంతట తాను రాసుకొనే పద్దు. దాన్ని తేదీల వరుసలో పేర్చి ప్రింటు ఇచ్చే ప్రోగ్రాము మా దగ్గర ఉండేది. ఆ ప్రింటులో ఆదివారం పొద్దున రెండు దరఖాస్తులు నమోదయ్యాయి. చేసినవారు సుజాత. అంతకు ముందు విడత కూడా చూశాను. అందులోనూ ఒక ఆదివారం, రెండు దరఖాస్తులు, అదే పేరు.

విశ్వనాథం గారు ఫోనులో సుబ్బరాయుడు గారిని ఒకే ప్రశ్న అడిగారు, ఆఫీసు తాళంచెవి ఎప్పుడైనా సుజాతకు ఇచ్చారా అని. ఒకసారి పెళ్ళికి పోతూ ఇచ్చానని ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దాంతో ముడి బిగిసింది. అమ్మాయిని తీసేసే ఆర్డరు టైపు చేయించి, సంతకం చేయకుండా సొరుగులో పెట్టారు. నాతో, "నువ్వు పోయి ఇంకేమన్నా చేసిందేమో చూసి రా. సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దు. తెలిస్తే చెరిపేస్తారు," అన్నారు. నాకు అది సబబుగానే తోచింది.

మెషీను దుమ్ము దులపడానికి వచ్చానని చెప్పి ఉదయగిరి బ్రాంచిలో కూర్చున్నాను. ఆ రోజు నాకు ప్రతిదీ అనుమానంగానే కనిపించింది. సుజాత నాకు మంచినీళ్ళు తెచ్చి ఇస్తే, ఎందుకింత మర్యాద అనుకున్నాను. సుబ్బరాయుడు గారు ఏమీ అడగకపోతే, ఎందుకు అడగడం లేదు అనుకున్నాను. కీబోర్డు తిరగేసి తట్టాను. మీటల సందుల్లోంచి పసుపు అంటిన బియ్యపు గింజలు రాలాయి.

"ఇదేందమ్మా, మెషీన్‌కు అన్నం పెడతా ఉండారా?"

సుజాత నవ్వింది. "అక్షింతలు సార్. కొత్త విడత మొదులుపెట్టే రోజు సార్ టెంకాయ కొట్టి, పూజ చేస్తారు. నేను మెషీన్ తెరిచి ఇచ్చి వరండాలోకి పోతాను. మేము బాప్టిస్టులం గదా. సార్ ఏమీ అనుకోరు, నేనూ ఏమీ అనుకోను."

గింజలు దులిపి డబ్బాలో వేశాను. ఆ మాటను కూడా వాటితోపాటే పారేశాను. ఆ సమయంలో నా బుర్రలో తాళంచెవి తప్ప ఇంకేమీ లేదు.

డిప్యూటీ మేనేజరు అనుమతితో ఉదయగిరి దరఖాస్తులను, లాగ్‌ను ఫ్లాపీలోకి కాపీ చేసుకొని ఇంటికి తెచ్చాను. ఇంట్లో నాకో సొంత మెషీను ఉండేది. మద్రాసులో పాత సామాను అమ్మే వీధిలో ఒక్కో ముక్క కొని, గ్రంథాలయంలో చదివిన ప్రకారం బిగించుకున్నాను. దానికి పైడబ్బా ఇప్పటికీ లేదు. పేగులు బయటేసుకొని కూర్చున్న ఆ వస్తువును చూస్తే మా ఆవిడ రమణమ్మకు ఒళ్ళు మంట. దాని మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. అందుకని ఎప్పుడు వేసినా తేదీ 1980 జనవరి ఒకటి అని చూపించేది.

ఆ సాయంత్రం ప్రోగ్రాము ఎట్లా నడుస్తుందో చూడటానికి ఒక ఉత్తుత్తి దరఖాస్తు ఎక్కిస్తున్నాను. రమణమ్మ తెర వైపు చూసి, "ఎనభైలో ఉండారా? అప్పటికి మనకు పెళ్ళి కాలేదు. కాఫీ మీరే పెట్టుకోండి," అని లోపలికి పోయింది.

నేను నవ్వబోయి ఆగాను. నా ఉత్తుత్తి దరఖాస్తు లిస్టులో అందరికంటే పైన, 1980లో కూర్చొని ఉంది. దాని సీరియల్ నంబరు మాత్రం అన్నిటికంటే చివరిది. సీరియల్ నంబరు మనిషి ఇచ్చేది కాదు. దరఖాస్తు మెషీన్‌లోకి ఎక్కిన క్రమంలో ప్రోగ్రామే ఇస్తుంది. లాగ్‌లోని పద్దులకూ అంతే. తేదీ మనం చెప్పిన మాట, నంబరు జరిగిన క్రమం.

లిస్టునూ లాగ్‌నూ తేదీల ప్రకారం కాకుండా నంబర్ల ప్రకారం పేర్చాను. ఆదివారం దరఖాస్తులు రెండూ, సుజాత మంగళవారం పొద్దున మెషీన్ తెరిచిన తర్వాతవే. ఆ వెంటనే వచ్చిన నంబరు యోహానుది. అంతకు ముందు విడతలోనూ ఇదే తీరు. ఆదివారం ఎవరూ తలుపు తెరవలేదు. మంగళవారం కూర్చొని ఎవరో తేదీని ఆదివారానికి జరిపి, మళ్ళీ సరిచేశారు.

గ్రంథాలయంలో ఒకసారి చదివాను, రైళ్ళు రాకముందు ఊరికొక సమయం ఉండేదట. ప్రతి ఊరూ తన గడియారమే సరైనదనుకొనేది. మెషీనూ అంతే. దానికి మనం చెప్పిందే వేళ.

ఉదయగిరిలో తేదీ మార్చే పాస్‌వర్డు ఒక్కరికే ఇచ్చి ఉన్నాను. కరెంటు ఎక్కువసార్లు పోతే గడియారం తప్పుతుందని ఆ అధికారం ఇన్‌చార్జికి ఇచ్చాం. కాబట్టి నా అనుమానం సుజాతను వదిలి సుబ్బరాయుడు గారిని పట్టుకుంది. అది మరీ పెద్ద అనుమానం. పై ఉద్యోగి తానే చేసి, చిన్న ఉద్యోగి పేరు మీద వేశాడన్నమాట. ముందుకు జరిగిన నాలుగు పేర్లనూ చూశాను. వెంకటేశ్వర్లు, లక్ష్మీనరసయ్య, శ్రీరాములు, మహాలక్ష్మమ్మ. వీళ్ళకూ ఆయనకూ ఏం చుట్టరికమో తేలలేదు.

మర్నాడు బస్సులో కూర్చొని ఆయన్ను ఏయే ప్రశ్నలతో ఇరికించాలో వరుసగా అనుకుంటూ పోయాను. మొదటి ప్రశ్నకే ఆయన అంతా చెప్పేశాడు.

"తేదీనా? జరిపినాను. దాంట్లో దాచేదేముండాదయ్యా? మంగళారం పూట మొదులుపెడితే బండి రాతి మీదనే తిరుగుతాది. ఆదివారం దశమి, మంచి రోజు. రిజిస్టరైతే ముందే ఇంటికి తీసకపొయ్యి ఆ రోజే మొదటి లైను రాసేవాణ్ణి. ఈ పెట్టెను ఎట్ట మోసకపొయ్యేది? అందుకని తేదీనే ఆడికి జరిపినా. రాసినాక మళ్ళా సరిగ్గా పెట్టినా గదా."

ఆ రెండు పేర్లే ఎందుకని అడిగాను.

"బోణీ గదా. దేవుడి పేరు ఉండాల. వాకిట్లో నిలబడినోళ్ళు ఇచ్చిన కట్టలో చూసి ఏరినా."

వాకిలి దగ్గర మాట వినిపించింది. "యోహానుదీ భక్తుడి పేరే సార్," అంది సుజాత.

సుబ్బరాయుడు గారు ఆమె వైపు తిరిగాడు. "అది నాకు తెలీదమ్మా," అన్నాడు.

ఆమె తన పాస్‌వర్డుతో తెరిచి ఇచ్చిన మెషీన్‌లో ఆయన, బోణీ తన చేత్తోనే కావాలని, తానే మొదటి రెండూ కొట్టేవాడు. అవి ఆమె పేరు మీద పడేవి. ఆమె మర్యాదకు బయటికి పోయేది, ఆయన మర్యాదకు పిలిచేవాడు కాదు. ఇంత మర్యాదలో ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు.

ఆర్డరు సొరుగులో ఉందని అప్పుడు సుజాతకు చెప్పాను. ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. "ఆదివారం నేను చర్చిలో పిల్లలకు పాఠం చెప్తాను. ఊరంతా చూస్తాది. మొన్న వచ్చినప్పుడు ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని. కీబోర్డును తట్టినారు గానీ నన్ను అడగలేదు," అంది. 

ఆ రోజే సుబ్బరాయుడు గారు నాతో బస్సెక్కి ఆత్మకూరు వచ్చాడు. ఏం తప్పు జరిగిందో ఆయనకు దారిలో కూడా అర్థం కాలేదు. విశ్వనాథం గారు యోహాను ఇచ్చిపోయిన అర్జీని చేతికిస్తే సుబ్బరాయుడు గారు చదివి, మెల్లగా, "ఆ మనిషి ముందుగా నిలబడుంటే చూసినాను. రెండు పేర్లే గదా అనుకున్నా," అన్నాడు. తేదీ మార్చిందీ, దరఖాస్తులు కొట్టిందీ తానేనని తన చేత్తో రాసిచ్చాడు. ఆయనకు మెమో ఇచ్చారు. సొరుగులోని ఆర్డరును విశ్వనాథం గారు నా ఎదుటే చించారు. పర్మనెంటు ఫైలు మీద సంతకం ఆ నెలలోనే పడింది. ఆర్డరు టైపు చేయించినప్పుడే అనుమానం బయటికి పొక్కింది. విచారణ గుట్టుగా సాగింది కాబట్టి, అది ముగిసిన సంగతి కూడా గుట్టుగానే ఉండిపోయింది. బస్టాండులో మాట అందుకే బతికి ఉంది.

లిస్టును సీరియల్ నంబర్ల ప్రకారం మళ్ళీ వేసి, ఏరి ముందు కొట్టిన ఆ రెండు పేర్లనూ వాళ్ళు వరసలో నిలబడిన చోటికి దించి, బోర్డు మీద అంటించాం. యోహాను పొలానికి బండి ముందు పోయింది. నీళ్ళు పడ్డాయి. పడకపోయినా ఆ వంతు ఆయనదే.

తేదీ మార్చే అధికారాన్ని బ్రాంచీల నుంచి తీసేశాను. లిస్టు తేదీతో కాక నంబరుతో నడిచేటట్టు ప్రోగ్రాము మార్పించాను. పూజను ఎవరూ ఆపలేదు. కాకపోతే ముందు మెషీను మూసి, ఆ తర్వాత టెంకాయ కొట్టాలని రాసి పంపాం.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవలసింది ఇది. లాగ్ అబద్ధం చెప్పదు గానీ, తనకు చెప్పిన అబద్ధాన్ని నమ్మకంగా రాసుకుంటుంది. అందులో ఉండే పేరు మెషీను తెరిచినవారిది, మీట నొక్కినవారిది కాకపోవచ్చు. అనుమానించడం మన పని. అనుమానం వచ్చిన మనిషిని నేరుగా అడగడం కూడా ఆ పనిలో భాగమే. గుట్టుగా వెతికినంతకాలం నాకు దొరికినవన్నీ నా అనుమానానికి సరిపోయేవే.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకు కృతజ్ఞతలు. అట్ట లేని ఆ పుస్తకాన్ని గడువు దాటినా అడగని ఆత్మకూరు గ్రంథపాలకుడు మస్తానయ్యకు. చించిన ఆర్డరు సంగతి రాయడానికి అడ్డు చెప్పని విశ్వనాథం గారికి. తోట చూపించి, నిమ్మకాయల సంచి చేతికిచ్చి పంపిన యోహానుకు. 1980 సంవత్సరాన్ని గుర్తు చేసిన రమణమ్మకు. తన పేరు దాచొద్దని, ఉన్నదున్నట్టు రాయమని చెప్పిన సుజాతకు. తన పేరు రాయడానికి ఒప్పుకొన్న సుబ్బరాయుడు గారికి. ఆయన ఒక్క షరతు పెట్టాడు, మంచి రోజు చూసి మొదలుపెట్టమని. మంగళవారం మొదలుపెట్టాను. తేదీ మార్చలేదు.