పై వాటాలో క్రికెట్, కింది వాటాలో పచ్చడి

ఆ రోజుల్లో నేను రుజువు లేనిదే ఆకలిని కూడా నమ్మేవాణ్ణి కాను. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య కొత్తగా లేచిన ఒక భవనంలో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెదికే ఉద్యోగంలో చేరాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమక పడతాయని ప్రపంచం భయపడుతున్న కాలమది. (ఆ భయానికి ఆధారమేమిటని అడిగినందుకు మా మేనేజర్ నాతో చాలాకాలం ముభావంగా ఉన్నాడు.) హఫీజ్‌పేట్‌లో ఒక ఇంటి పై వాటాలో నేనూ, కాకినాడ నుంచి వచ్చిన సహోద్యోగీ కలిసి ఉండేవాళ్లం. అతణ్ణి ఆఫీసులో అందరూ గోదారి అనేవారు. పెళ్లికాని వాళ్లకు ఇల్లు దొరకడం గగనమైన ఆ చోట, కింద ఉండే ఓనరమ్మ ఒకే ఒక షరతు మీద మాకు కిరాయికిచ్చింది. "పైన సప్పుడైతే మాత్రం ఖాళీ జెయ్యాలె బిడ్డా. మీ ముందటోళ్లను గందుకే పంపిన."

ఇంత స్పష్టమైన షరతును మేము ఉల్లంఘించడానికి కారణం ఒక ప్లాస్టిక్ క్రికెట్ సెట్టు. గోదారి తన మేనల్లుడి పుట్టినరోజు కోసం కొన్నాడు. సెలవు దొరక్క ప్రయాణం ఆగిపోయింది. పసుపుపచ్చ బంతి, మోకాలెత్తు బ్యాటు, పీటకు గుచ్చిన మూడు వికెట్లు అట్టపెట్టెలోంచి మా వైపు జాలిగా చూస్తుంటే ఎంతకాలం ఊరుకోగలం? ప్రతి ఆదివారం ఉదయం హాల్లో మ్యాచి. సోఫాకు తగిలితే రెండు, తలుపుకు తగిలితే నాలుగు, వంటింట్లో పడితే సిక్సరు. ఒకసారి బంతి కిటికీలోంచి ఓనరమ్మ పెరట్లో పడింది. దిగి వెదికే ధైర్యం లేక అలాంటిదే మరొకటి కొనుక్కున్నాం.

"ఒరేయ్, కిందకి వినిపిస్తోందేమో రా! ఈ ఇల్లు పోతే మళ్లీ దొరకదు" అని గోదారి అప్పుడప్పుడూ భయపడేవాడు. బోలు బంతి, దళసరి స్లాబు, మధ్యలో చాప. శబ్దం కిందికి చేరే అవకాశం నామమాత్రమని నేను వివరించేవాణ్ణి. అయినా సిద్ధాంతాన్ని ప్రయోగంతో సరిచూడాలి కదా! కింద ఎవరో ఒకరు కూర్చుని వినాలి. వినడానికి అనువైన చోటు ఓనరమ్మ ముందుగది. ఆ పరీక్ష జరుగుతుండగా పక్కనే ఓనరమ్మ కూడా కూర్చుని ఉంటుందన్న సంగతి మాత్రం నా ప్రణాళికలో లేదు.

"నేను కింద ఉన్నంతసేపూ బంతిని గోడకు విసురుకుంటూ మామూలుగానే ఆడు" అని గోదారికి చెప్పి, నల్లా నీళ్ల వేళ అడిగే నెపంతో దిగాను. "రా బిడ్డా, కూసో, చాయ్ తాగు" అంది ఓనరమ్మ. కప్పు చేతికందిందో లేదో, పైన టక్, టక్, టక్. బంతి కాదు! బంతి విషయంలో నా సిద్ధాంతం నిజమే. అది, బంతి కోసం ఎదురుచూస్తూ నేలను బ్యాటుతో తట్టే శబ్దం. దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. ఓనరమ్మ తల పైకెత్తి చూసింది. నాకు కళ్లముందు మా పెట్టెలూ పరుపులూ వీధిలో కనిపించాయి.

"మీ దోస్తు పచ్చడి దంచుతుండా?" అంది.

"...అండీ?"

"ప్రతి ఐతారం వింటనే ఉన్న. ఇంట్ల రోలు లేకపాయె, నేల మీదనే దంచుకుంటున్నరు. ఎంత పరేషాన్ బిడ్డా! గందుకే గద నేను గిన్నెల పచ్చడి పంపుతున్న."

ఆదివారాల్లో మాకందే గోంగూర పచ్చడి వెనుక ఇంత సిద్ధాంతం ఉందని అప్పుడే తెలిసింది. అది పొరపాటని చెప్పడం శాస్త్రధర్మం. చెబితే ఇల్లూ పోతుంది, గోంగూరా పోతుంది. ఆ సందిగ్ధంలో ఉండగానే పైనుంచి "సిక్సర్!" అని దిక్కులదిరేలా ఒక కేక.

"ఏందది?"

"మిరపకాయల ఘాటుకండీ... కంట్లో పడినట్టుంది."

"అయ్యో! జర సల్లటి నీళ్లతోని కడుక్కోమను."

పైకి వెళ్లేసరికి గోదారి బ్యాటు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "వినిపించిందా? ఖాళీ చేయమందా?"

"లేదు. నిన్ను కళ్లు కడుక్కోమంది."

ఆ సాయంత్రమే ఓనరమ్మ ఒక చిన్న రాతిరోలు పైకి పంపింది. దంచినప్పుడు తనకూ రుచి చూపించమని కబురు. ఇక తప్పలేదు. ఒకడు టాస్ వేస్తుంటే ఒకడు వెల్లుల్లి ఒలిచేవాడు, ఓడినవాడు దంచేవాడు. గోదారి కొబ్బరి పచ్చడికి కింది వాటాలో మంచిపేరే వచ్చింది.

కొంతకాలానికి ఆఫీసు దగ్గరకు మారవలసి వచ్చింది. రోలు తిరిగి ఇవ్వబోతే ఓనరమ్మ వద్దంది. లోపలికి వెళ్లి, ఎండకు వెలిసిన పసుపుపచ్చ బంతిని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీకు తెలుసాండీ?"

"మిరపకాయ ఘాటుకు సిక్సర్ అని ఎవలన్న మొత్తుకుంటరా బిడ్డా?" అని నవ్వింది. "రోలు ఉంచుకో. కొత్త ఇంట్ల కింద ఎవలుంటరో ఏమో."

అందరి మాటలకూ ఆధారాలు అడిగిన ఆ కుర్రవాడు ఓనరమ్మ మాటను మాత్రం ఒక్కసారైనా పరీక్షించలేదు. గోంగూర అంత బాగుండేది మరి. ఆ రోలు ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. మా పై ఫ్లాటులో ఆదివారం ఉదయం టక్, టక్ మని వినిపించినప్పుడల్లా తలెత్తి చూసి, పాపం, పచ్చడి దంచుకుంటున్నట్టున్నారు అనుకుంటాను. నిర్ధారించుకోవడానికి పైకి వెళ్లను.