నాలుగో రాడ్

నా చిన్నప్పుడు మా నాన్న ఇంజన్ల మేస్త్రీ. బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, సినిమా వాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే హైదరాబాదు చేరుతున్న రోజుల్లో మమ్మల్ని తీసుకుని మోతీనగర్ వచ్చాడు. ఇంటి ముందు రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాపు. నేను చెబుతున్నది 1981లో, నా తొమ్మిదో తరగతి పరీక్షలప్పటి సంగతి. తేదీ కూడా చెప్పగలను గానీ దానితో ఎవరికీ పనిలేదు.

జూబ్లీ హిల్స్‌లో ఉండే ఒక నిర్మాత గారి జీపు మా షెడ్డుకు వచ్చింది. ఇప్పుడు ఫిలింనగర్ అంటున్న గుట్టల్లో, సినిమా షూటింగు కోసం ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి అది దూకాలి. ఉన్న ఇంజను బలం చాలదని నాన్న అందులో స్ట్రోకు ఎక్కువున్న, అంటే పిస్టన్లను ఇంకాస్త దూరం కదిలించే, క్రాంక్ షాఫ్ట్ వేశాడు. అలా వేస్తే పిస్టన్లను ఆడించే కనెక్టింగ్ రాడ్లు మునుపటికన్నా బయటికి ఊగుతాయి. పక్కనే తిరుగుతూ వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్‌కు వాటి భుజం తగలవచ్చు. తగిలితే ఇంజను ఉన్నపళంగా పట్టేస్తుంది. జీపు బండ అంచుకు చేరేసరికి అలా పట్టేస్తే లోపలి మనిషి ఏమవుతాడో చెప్పక్కర్లేదు.

ఆ సందు కొలవడానికి నాన్న చపాతీ పిండి వాడేవాడు. రాడ్ భుజానికి చిన్న ముద్ద అంటించి ఇంజన్ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పేవాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగితేనే కామ్ ఒక చుట్టు పూర్తవుతుంది కాబట్టి, ఒక్క చుట్టుతో ఆపితే సగమే చూసినట్టు. తర్వాత ముద్ద నొక్కుకుపోయిన చోట బ్లేడుతో కోసి మందం కొలిచేవాడు. ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటే సరే, తక్కువైతే రాడ్ భుజాన్ని అరగదీయాలి. ఒక్కో రాడ్‌కు ఒక్కో కొత్త ముద్ద.

ఆ రోజు పొద్దున బడికి వెళ్తూ నేనే నాలుగు ముద్దలు పళ్ళెంలో పెట్టి షెడ్డులో ఇచ్చాను. సాయంత్రం వచ్చేసరికి జీపు లేదు. నిర్మాత గారి మేనేజరు మధ్యాహ్నమే వచ్చి, మర్నాడే షూటింగని కారు హారను కొట్టి కొట్టి తొందరపెట్టి తీసుకుపోయాడట. పళ్ళెం కడగబోతే ఎండిపోయిన ముద్ద ఒకటి కనిపించింది.

"నాన్నా, ఒకటి మిగిలిందేంటి?"

నాన్న ఆ ముద్దను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అమ్మను ఇంకో ముద్ద కలపమన్నాడు. పనిముట్ల సంచి నా ఒళ్ళో పెట్టి స్కూటరు వెనక ఎక్కించుకున్నాడు.

నిర్మాత గారి బంగళా వరండాలో పది పన్నెండు మంది కూర్చుని టీలు తాగుతున్నారు. నాన్న మెట్ల కిందే నిలబడి, నాలుగో రాడ్ చూడలేదని, ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి, సంప్, విప్పి చూడాలని చెప్పాడు.

మేనేజరు నవ్వాడు. "ఇప్పుడే ఊరంతా తిప్పొచ్చాం మేస్త్రీ, వీణలా మోగుతోంది. చూడకపోతే తగులుతుందనా ఏంటి?"

"తగలదని కూడా కాదండి. ఊళ్ళో తిప్పడం వేరు, దూకేటప్పటి జోరు వేరు."

"మధ్యాహ్నం పని అయిపోయిందన్నావు, ఇప్పుడు కాలేదంటున్నావు. బెజవాడ మేస్త్రీవని ఏరి కోరి పని ఇచ్చాం!"

అందరూ నవ్వారు. తొందరపెట్టింది నువ్వే కదా అని నాన్న అంటాడని ఎదురుచూశాను. అనలేదు. నేను గచ్చు మీది గళ్ళు చూస్తూ నిలబడ్డాను. ఆ ముద్ద సంగతి అడగకుండా పళ్ళెం కడిగేసుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

అప్పుడు జీపు దూకించాల్సిన ఫైటరు లేచాడు. అతనిది బోరబండ. "చూస్తే ఏం పోతది సార్, చూడనియ్యుండ్రి. ఎగిరేది నేనే గద," అన్నాడు.

నాన్న జీపు కింద దూరి సంప్ దించాడు. నూనె తుడిచి పిండి అంటించాడు. ఫైటరు తొంగి చూసి, "ఏందన్నా, ఇంజన్ల రొట్టెలు చేస్తున్నవా?" అనేసరికి మళ్ళీ నవ్వులు. ముందున్న హ్యాండిలు నేను తిప్పాను, నెమ్మదిగా, రెండు చుట్లు. తిప్పుతున్నంతసేపూ తగలాలనే మొక్కుకున్నాను. తగిలితే ఈ నవ్వేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. అలా మొక్కుకోవడమంటే ఆ ఫైటరు ప్రాణం ప్రమాదంలో ఉండాలని కోరుకోవడమేనని అప్పుడు నాకు తట్టలేదు.

తగల్లేదు. కావలసినదానికన్నా ఎక్కువే సందు ఉంది. నాన్న కొలిచి, ఉన్నదున్నట్టు పైకి చదివాడు.

"అయిందా సంబరం?" అన్నాడు మేనేజరు. సంప్ బిగించి నూనె పోసే వరకు ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఫైటరు మాత్రం, "ఇగ ఫికర్ లేదు నాకు," అని నాన్న భుజం తట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు జీపు బాగానే దూకింది. ఆ ఇంటి నుంచి మాకు మళ్ళీ పని రాలేదు.

తిరిగి వస్తూ స్కూటరు మీద ఏడుస్తూనే అడిగాను, అంతా బాగానే ఉంటే ఎందుకెళ్ళామని.

"మధ్యాహ్నం వాళ్ళకి పని అయిపోయిందని చెప్పాను కదమ్మా. చెప్పేటప్పటికి నాలుగోది బాగుందో లేదో నాకు తెలియదు," అన్నాడు నాన్న. ఆయన గొంతులోనూ సిగ్గు ఉంది. నేనది అంతకుముందెప్పుడూ వినలేదు.

నేను మందుల కంపెనీలో సరుకు పరీక్షించే ఉద్యోగం చేసి ఈ మధ్యనే రిటైరయ్యాను. సంతకం పెట్టేశాక అనుమానం వచ్చి, "ఇది నేను చూడలేదు, లారీ ఆపండి" అంటూ వెనక్కి నడిచిన రోజులున్నాయి. ఎక్కువసార్లు సరుకు బాగానే ఉండేది. లోడు దించుతున్నవాళ్ళ ముఖాలు చూడలేక చెవులు వేడెక్కేవి. ఆ సిగ్గు నాకు చివరి రోజు దాకా అలవాటు కాలేదు. అయినా ప్రతిసారీ వెళ్ళాను.